వాకిలి ఎవరిది? గాలి ఎవరిది?



సికింద్రాబాద్‌ల పుట్టిన చార్లెస్ కొరియా ముంబైలో కాంచన్‌జంగ మేడకు నక్ష గీసిండు. 1983లో పూర్తయింది. 28 అంతస్తులు, 32 ఫ్లాట్లు. ఉన్నోళ్లకు రెండంతస్తుల ఎత్తు వరండాలు, సముద్రపు గాలి.

ఆయనే నవీ ముంబైలోని బేలాపూర్‌ల తక్కువ ఆదాయమోళ్లకూ ఇండ్లు గీసిండు. అక్కడ మేడల్లేవు. ఎవరి గోడ వాళ్లది. కొడుకు పెండ్లయితే ఇంకో అర్ర వేసుకోవచ్చు.

మరి మనకు? 2023లో కొల్లూరుల 15,660 డబుల్ బెడ్‌రూం ఇండ్లు ప్రారంభించిండ్రు. అన్నీ అంతస్తులే. ఇల్లు రావుడు మంచిదే. కానీ తొమ్మిదో అంతస్తుల అర్ర పెంచేదెట్ల? మేకను కట్టేదెక్కడ?

తెలివి లేక కాదు, పేదోనికి జాగ ఇచ్చే మనసు లేక! నాదర్‌గుల్ చుట్టూ భూమి గజాల లెక్కన అమ్ముతున్నరు. మన వాడకేది? జాగ, పట్టా, అర్ర పెంచుకునే హక్కు కొట్లాడి తీసుకుందాం.

జై భీమ్!