ఆటోక్యాడ్ క్రాక్ వేసుకునే ముందు ఒక్క నిమిషం

"బ్రో, ఏ ల్యాప్‌టాప్ కొనాలి?" తర్వాత నన్ను ఎక్కువ మంది అడిగేది "డ్రాయింగ్‌కి ఏ క్యాడ్ బెస్ట్?" అనే. అడిగేవాళ్లలో చాలామంది దగ్గర అప్పటికే ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ ఆటోక్యాడ్ ఉంటుంది. అసలు స్టూడెంట్‌కి క్రాక్ ఎందుకండీ? కాలేజీ ప్రూఫ్ చూపిస్తే ఆటోడెస్క్ వాళ్లే ఏడాది పాటు ఫ్రీగా ఇస్తారు, చదువుతున్నంత కాలం రెన్యూ చేసుకోవచ్చు.

చిక్కు ఆ తర్వాతే. ఆ లైసెన్స్ చదువుకోవడానికి మాత్రమే. తెలిసినవాళ్ల ఇంటి ప్లాన్ గీసి డబ్బులు తీసుకుంటే రూల్ దాటినట్టే. కోర్సు అయ్యాక సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. ఒక్కసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం 2016లోనే ఆపేశారు.

అందుకే నేను ఫీచర్ల కంటే ముందు ఫైల్ సంగతి చూస్తా. ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. ఇప్పటికీ సైట్ ఇంజినీర్ అడిగేది దాని డీడబ్ల్యూజీ ఫైలే. లిబ్రేక్యాడ్ ఓపెన్ సోర్స్, నా పాత 4 జీబీ ల్యాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తుంది. కానీ 2డీ ఒక్కటే, సేవ్ చేసేది డీఎక్స్ఎఫ్‌లో. ఓసారి అందులో గీసిన ఫ్లోర్ ప్లాన్ పంపితే అవతలాయన ఫోన్ చేసి, "గోడలు బానే ఉన్నాయి తమ్ముడూ, కొలతలేంటి చీమల్లా ఉన్నాయి?" అన్నాడు. టెక్స్ట్ సెట్టింగ్ అక్కడ తేడా కొట్టింది. ఆ రాత్రంతా సరిచేస్తూ కూర్చున్నా.

ఫ్రీ వేరు, ఓపెన్ సోర్స్ వేరు. డ్రాఫ్ట్‌సైట్ ఫ్రీ కదా అని జనం అలవాటుపడ్డారు. 2019 డిసెంబర్ 31 తర్వాత ఆ ఫ్రీ వెర్షన్లు తెరుచుకోవడమే మానేశాయి. ఫ్యూజన్ పర్సనల్ ప్లాన్‌లో ఒకేసారి 10 ఫైల్స్ మాత్రమే ఎడిట్ చేయగలం. ఆన్‌షేప్ ఫ్రీ ప్లాన్‌లో మీ డిజైన్ అందరికీ కనిపిస్తుంది, ప్రాజెక్ట్ ఐడియా దాచుకోవాలనుకుంటే అటు వెళ్లకండి.

మెకానికల్ వాళ్లకి, 3డీ ప్రింటర్ ఉన్నవాళ్లకి నా ఓటు ఫ్రీక్యాడ్‌కే. ఇంతకుముందు మొదటి స్కెచ్‌లో ఒక గీత మారిస్తే, ఫేస్‌ల నంబర్లు మారిపోయి పైన చేసిన రంధ్రాలు, ఫిల్లెట్లు అన్నీ చెదిరిపోయేవి. చిరాకెత్తి రెండుసార్లు అన్ఇన్‌స్టాల్ చేశా. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 ఆ బాధను చాలావరకు తగ్గించింది. మెనూలు మాత్రం ఇంకా గందరగోళమే.

సివిల్‌లో ఉద్యోగం టార్గెట్ అయితే ఆటోక్యాడే నేర్చుకోండి, ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే. కాకపోతే ఎడ్యుకేషన్ లైసెన్స్ అయిపోయేలోపు ప్రతి డ్రాయింగ్‌నీ డీఎక్స్ఎఫ్‌లో ఒకటి, పీడీఎఫ్‌లో ఒకటి సేవ్ చేసి పక్కన పెట్టుకోండి.