ఎండిన డికాక్షన్‌కీ ఓ మర్యాదుంది!

ఉదయం ఆరున్నర. హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్. తెనాలి నుంచి ముందురోజు రాత్రే దిగిన అత్తగారు హాల్లో కూర్చుని పేపరు తిరగేస్తున్నారు. వంటింట్లో కోడలికి కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఏడున్నరకి ఆఫీసు బస్సు. రాత్రి ఫిల్టరు వేయడం మరిచిపోయింది. ఇప్పుడు వేద్దామన్నా డబ్బాలో కాఫీపొడి అడుగంటింది. ఉన్నదల్లా ఓ పాలప్యాకెట్టూ, అల్మారాలో ఎప్పుడో కొన్న ఇన్‌స్టంట్ కాఫీ సీసా. పాలు పొయ్యి మీద పెట్టి, పొడీ పంచదారా అందులోనే వేసి, రెండు పొంగులు రానిచ్చి గ్లాసులో పోసి ఇచ్చింది.

అత్తగారు ఒక్క గుక్క తాగారు. 'కాస్త చల్లారనీ అమ్మాయ్, తాగుతాను' అంటూ గ్లాసు పక్కన పెట్టారు. కోడలు చెప్పులేసుకునే వేళకి కూడా గ్లాసు అక్కడే ఉంది... పైన మీగడ కట్టి!

బాగాలేదని మొహం మీదే చెప్పేవాళ్లతో చిక్కులేదు. ఇలా మాట్లాడకుండా పక్కన పెట్టేవాళ్లతోనే వచ్చింది బాధంతా. కాఫీ అంటే మనవాళ్లకి మరి అంత పట్టింపు. చుట్టాలింటికి వెళ్లొచ్చాక కూర గురించి మరిచిపోతారేమో కానీ కాఫీ గురించి మాత్రం పదేళ్లు చెప్పుకుంటారు.

అలాగని రోజూ ఫిల్టరు వేసే వీలు అందరికీ ఉంటుందా? హాస్టల్లో కుర్రాడికి ఉండదు. ఒంటరిగా ఉంటూ రోజుకో కప్పు తాగే పెద్దాయనకి పావుకిలో పొడి కొంటే సగం అయ్యేసరికే వాసన పోతుంది. పొద్దున్నే పరుగులు తీసే ఉద్యోగినుల సంగతి సరేసరి. వాళ్లందరికీ దిక్కు ఆ సీసానే. మరి దాంతోనే ఫిల్టరు కాఫీకి దగ్గరగా వచ్చే కాఫీ కలపలేమా?

కలపొచ్చు. కాకపోతే ముందు ఆ సీసాలో ఉన్నదేంటో తెలియాలి.

సీసాలో ఉన్నది పొడి కాదు!

ఇన్‌స్టంట్ కాఫీని కాఫీగింజల పొడి అనుకుంటారు చాలామంది. కాదు. అది ఎండిన డికాక్షన్. ఫ్యాక్టరీలో కూడా ముందు గింజల్ని వేయించి, పొడిచేసి, వేడినీళ్లతో డికాక్షనే తీస్తారు. ఆ తర్వాత అందులోని నీటిని పోగొట్టి మిగిలినదాన్ని సీసాకెత్తుతారు. అందుకే అది నీళ్లలో పూర్తిగా కరిగిపోతుంది, అడుగున మడ్డి మిగలదు.

ఆరబెట్టడానికి రెండు పద్ధతులున్నాయి. చిక్కటి డికాక్షన్‌ని ఎత్తైన గోపురం లాంటి గదిలో వేడిగాలిలోకి తుంపరలుగా చిమ్మడం ఒకటి. కిందకి చేరేలోపే నీరు ఆవిరైపోయి పొడి రాలుతుంది. దీన్నే స్ప్రే డ్రైయింగ్ అంటారు. ఆ పొడికే కాస్త ఆవిరి తగిలించి రవ్వలా కట్టిస్తే మనకి తెలిసిన గుళికలు తయారవుతాయి. రెండోది ఫ్రీజ్ డ్రైయింగ్. డికాక్షన్‌ని సుమారు మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, పలుకులుగా పగలగొట్టి, గాలి తీసేసిన గదిలో పెడతారు. మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది. ఎక్కువ వేడి తగలదు కాబట్టి ఈ రకంలో పరిమళం మెరుగ్గా నిలుస్తుంది. ధరా ఎక్కువే.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. న్యూజిలాండ్‌కి చెందిన డేవిడ్ స్ట్రాంగ్ 1890లోనే ఇలాంటి పొడికి పేటెంటు పొందాడు. అమెరికాలో స్థిరపడిన జపాన్ రసాయన శాస్త్రవేత్త సటోరి కాటో 1901లో బఫెలో నగరంలో జరిగిన ప్రదర్శనలో తన పొడిని జనానికి రుచి చూపించాడు. ఇంటింటికీ చేరింది మాత్రం 1938 తర్వాతే. బ్రెజిల్‌లో గింజలు అమ్ముడుపోక గుట్టలు పడి ఉంటే, నిల్వ ఉండే కాఫీ ఏదైనా తయారుచేయమని అక్కడివాళ్లు నెస్లేని అడిగారు. ఏళ్ల తరబడి ప్రయత్నించాక ఆ ఏడాది స్విట్జర్లాండ్‌లో నెస్కెఫే మార్కెట్లోకి వచ్చింది.

అసలు విషయం ఏంటంటే... నెస్కెఫే పుట్టిందే మిగిలిపోయిన గింజల్ని పాడవకుండా కాపాడటానికి.

తెనాలి రైలు దారిలోనే...

అత్తగారికి తెలుసో లేదో కానీ, విజయవాడ నుంచి తెనాలి వెళ్లే రైలు దుగ్గిరాల మీదుగానే వెళ్తుంది. పసుపు మార్కెట్‌కి పేరుపడ్డ గుంటూరు జిల్లా దుగ్గిరాలలో 1990ల మధ్య నుంచీ ఇన్‌స్టంట్ కాఫీ తయారవుతోంది. చల్లా రాజేంద్రప్రసాద్ స్థాపించిన సీసీఎల్ ప్రొడక్ట్స్ ఫ్యాక్టరీ అది. ఒక్క కాఫీమొక్క కూడా పండని డెల్టా నేల మీద తయారైన పొడి ఎన్నో దేశాలకు వెళ్తోంది. విదేశాల్లో ఏదో పేరుతో ఉన్న సీసా కొనుక్కుని తాగే మనవాళ్లలో కొందరు, తెలియకుండానే గుంటూరు జిల్లా కాఫీ తాగుతున్నారన్నమాట.

పోయిందేమిటి... మిగిలిందేమిటి?

వేయించిన కాఫీగింజల్లో ఎనిమిది వందలకు పైగా పరిమళ పదార్థాలుంటాయి. ఫిల్టరు మూత తీయగానే గుప్పుమనేది వాటివల్లే. ఇవి ఇట్టే ఎగిరిపోతాయి. డికాక్షన్‌ని చిక్కబరిచి ఆరబెట్టేటప్పుడు చాలావరకు పోతాయి. అందుకే చాలా కంపెనీలు ముందుగానే ఆ పరిమళాన్ని వేరుగా పట్టి ఉంచి, చివర్లో మళ్లీ పొడికి కలుపుతాయి. కొత్తసీసా సీలు చించగానే ముక్కుపుటాలదిరేది దానివల్లే. నెల తిరిగేసరికి అదే సీసా మూగబోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో ఫిల్టరు వేస్తే పొడిలోంచి సుమారు అయిదో వంతు సారమే దిగుతుంది. ఫ్యాక్టరీలో అలా వదిలేస్తే గిట్టుబాటు కాదు. ఎక్కువ ఒత్తిడితో, నూరు డిగ్రీలకు మించిన వేడినీటితో దాదాపు రెట్టింపు సారం పిండుతారు. దాంతోపాటే ఇంటి డికాక్షన్‌లోకి రాని చేదూ, మొద్దురుచీ కూడా వచ్చేస్తాయి. పైగా ఇన్‌స్టంట్‌కి ఎక్కువగా వాడేది రొబస్టా గింజలు. అరకు కొండల్లో గిరిజన రైతులు పండించే అరబికా సుకుమారంగా ఉంటే, రొబస్టా కాస్త ఘాటు మనిషి.

పోయిన పరిమళాన్ని ఇంట్లో ఎవరూ తిరిగి తేలేరు. మిగిలినదాన్ని పోగొట్టకుండా చూసుకోవడం, ఎక్కువైన చేదుని తగ్గించుకోవడం... మన చేతిలో ఉన్నవి ఈ రెండే. అయితే గ్లాసు ఖాళీ అవుతుందా, మీగడ కడుతుందా అన్నది తేలేది కూడా ఈ రెంటి దగ్గరే.

డికాక్షన్‌ని ఎవరైనా మరిగిస్తారా?

ఫిల్టరు కాఫీ తెలిసిన ఏ ఇల్లాలూ డికాక్షన్‌ని పొయ్యి మీద పెట్టి తెర్లనివ్వదు. మూత తీసి వదిలేయదు. ఎండిన డికాక్షన్‌కీ అదే మర్యాద ఇస్తే చాలు. కోడలి కాఫీ చెడింది అక్కడే. పాలలో పొడివేసి పొంగులు రానిస్తే, ఉన్న కాస్త పరిమళం వంటిల్లంతా వ్యాపిస్తుంది తప్ప గ్లాసులో మిగలదు. పొడిలో ఇంక దిగాల్సిన సారమంటూ ఏమీ లేదు కాబట్టి మరిగించే అవసరమూ లేదు.

ఒక గ్లాసు... అంటే సుమారు 150 మిల్లీలీటర్ల కాఫీకి లెక్క ఇదీ.

* గ్లాసుని ముందు వేడినీళ్లతో తొలిపి పెట్టుకోవాలి. చల్లని స్టీలు గ్లాసు కాఫీ వేడిని ఇట్టే లాగేస్తుంది.

* మరో గిన్నెలో ఒకటిన్నర టీచెంచాల పొడి వేసి, చెంచాడు గోరువెచ్చని నీళ్లతో ఉండల్లేకుండా మెదపాలి.

* నీళ్లు మరిగాక పొయ్యి మీంచి దించి రెండు నిమిషాలు ఆగాలి. ఆ నీళ్లు రెండు పెద్దచెంచాలు, అంటే 30 మిల్లీలీటర్లు పోసి కలిపి మూతపెట్టాలి. డికాక్షన్ సిద్ధం!

* నీళ్లు కలపని పాలు 120 మిల్లీలీటర్లు తీసుకోవాలి. అప్పుడే కాచినవైతే మంచిది. ముందే కాచి ఉంటే పొగలు వచ్చేదాకా వేడిచేస్తే చాలు. మళ్లీమళ్లీ మరిగిన పాలకి వచ్చే కాగిన వాసన కాఫీని మింగేస్తుంది.

* పంచదార పాలలో కరిగించి, ఆ పాలని డికాక్షన్‌లో పోయాలి. గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి రెండుమూడుసార్లు తిరగబోస్తే నురగ వస్తుంది. పదిసార్లు పోస్తే నురగ పెరుగుతుందేమో కానీ కాఫీ చల్లారుతుంది, వాసనా తగ్గుతుంది.

అన్నింటికన్నా ముఖ్యం, పొడి విషయంలో పిసినారితనం పనికిరాదు. ఒక చెంచాతో రెండు గ్లాసులు సరిపెడితే వచ్చేది కాఫీరంగు పాలు. అలాగని చిక్కదనం కోసం మూడు చెంచాలు గుమ్మరిస్తే నోరంతా చేదు.

చేదుకి విరుగుడు

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే మరో ఇబ్బంది. పంచదార లేకపోతే ఇన్‌స్టంట్ చేదు మరీ బయటపడుతుంది. అప్పుడు డికాక్షన్‌లో నాలుగంటే నాలుగు ఉప్పు పలుకులు వేసి చూడండి. ఉప్పురుచి తెలియకూడదు, అంత తక్కువన్నమాట. ఉప్పులోని సోడియం నాలుకకి చేదు తెలియకుండా చేస్తుంది. చేదు తగ్గితే పాలలోని సహజమైన తీపి కూడా పైకి తేలుతుంది.

తీపి తినేవాళ్లకైతే గిలక్కొట్టిన కాఫీ ఉండనే ఉంది. పొడీ, పంచదారా, నీళ్లూ సమానంగా తీసుకుని చెంచాతో మూడునాలుగు నిమిషాలు గిలకొడితే ముదురు గోధుమరంగు పోయి లేత రంగులో నురగలా పొంగుతుంది. మన పెళ్లిళ్లలో, ఉత్తరాది ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఈ పద్ధతే 2020 లాక్‌డౌన్ రోజుల్లో దల్గోనా కాఫీ పేరుతో కొరియా నుంచి వచ్చి ఊరూవాడా తిరిగింది. దీంతో పరిమళం కొత్తగా రాదు. నోటికి మెత్తగా తగులుతుంది, చేదు అణుగుతుంది, అంతే.

చికోరీ సంగతి కూడా చెప్పుకోవాలి. ఫిల్టరు కాఫీకి అలవాటుపడ్డ నాలుకకి చిక్కదనం, ఆ కాస్త కమ్మటి మాడురుచీ చికోరీ ఇచ్చినవే. అది కాఫీ కాదు, వేయించిన ఓ మొక్క వేరు. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది మన దేశంలో నిబంధన. ఏది ఎంతో ప్యాకెట్ మీద రాయాలి కూడా. పాలుపోసి తాగేవాళ్లకి చికోరీ కలిసిన రకమే ఫిల్టరు కాఫీకి దగ్గరగా అనిపిస్తుంది. పాలు లేకుండా తాగేవాళ్లు మాత్రం నూరు శాతం కాఫీ ఉన్నదే, వీలైతే ఫ్రీజ్ డ్రైడ్ రకమే తీసుకోవాలి.

సీసాకి కాపలా

ఎండిన డికాక్షన్ కాబట్టి అది ఎప్పుడూ నీటికోసం చూస్తుంటుంది. తడిచెంచా ఒక్కసారి పెట్టారా... పొడి గడ్డకట్టినట్టే. ఉడుకుతున్న గిన్నె మీద సీసా వంచి పొడి వేసేవాళ్లు కొందరుంటారు. ఆ ఆవిరంతా సీసాలోకే! పొయ్యి పక్కన అరలో పెట్టడం, రోజూ ఫ్రిజ్‌లోంచి తీస్తూ పెడుతూ చెమ్మ పట్టించడం కూడా మంచిది కాదు. గాలి చొరని సీసాలో, చల్లని పొడి అల్మారాలో ఉంచాలి. తక్కువ తాగే ఇళ్లలో చవక కదాని పెద్దసీసా కొనడం కన్నా చిన్న ప్యాకెట్లు కొనుక్కోవడమే నయం. తాగే ప్రతి కప్పూ కొత్తసీసా వాసనతో ఉంటుంది.

ఇన్నిచేసినా ఇది ఫిల్టరు కాఫీ అవుతుందా? కాదు. అప్పుడే మరపట్టిన పొడిలోంచి చుక్కచుక్కగా దిగిన డికాక్షన్‌కి అదే సాటి. కానీ పక్కన పెట్టేసే గ్లాసుకీ, ఆఖరి గుక్కదాకా తాగే గ్లాసుకీ మధ్య దూరం మాత్రం చాలావరకు తగ్గుతుంది. పట్టే సమయమా... అయిదే నిమిషాలు.

ఆదివారం ఉదయం. ఆఫీసు బస్సు లేదు. కోడలు కొత్త ప్యాకెట్ చించింది. ఈసారి పొడిని పాలలో వేయలేదు. గ్లాసు తొలిపి, డికాక్షన్ కలిపి, మూతపెట్టి, రెండుసార్లు తిరగబోసి తెచ్చింది. అత్తగారు ఒక గుక్క తాగారు. ఆగారు. ఇంకో గుక్క తాగారు.

'ఫిల్టరు కాదు కదా అమ్మాయ్ ఇది?'

'కాదత్తయ్యా.'

'తెలుస్తూనే ఉందిలే' అన్నారావిడ, ఖాళీగ్లాసు చేతికిస్తూ. 'ఇంకో అరగ్లాసు ఉందా?'