రాజు కోసం ఏడ్చాం సరే, రాణి మాటేమిటి?

'ది కింగ్స్ వార్డెన్' అనే కొరియన్ సినిమా చూసినవాళ్ళు మా స్నేహితురాళ్ళ గ్రూపులో ఇంకా తేరుకోలేదు. దేశానికి రాజై, పదహారేళ్ళకే పోయిన దాన్‌జోంగ్ కోసం ఒకటే ఏడుపు. ఏడవాల్సిన కథే, కాదనను. తల్లి పురిట్లోనే పోయింది. 1452లో తండ్రీ పోతే పసివాడు గద్దెనెక్కాడు. 1455లో సొంత బాబాయి దింపేసి తను కూర్చున్నాడు. 1457లో మూడు వైపులా నది, నాలుగో వైపు కొండ ఉన్న చోంగ్‌న్యోంగ్‌పోకు పంపేశారు. ఆ ఏడే చంపేశారు. దిక్కులేని ఆ శవానికి మట్టి ఇచ్చిన ఓమ్ హుంగ్‌దోకు కూడా చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే.

నా పేచీ వేరే. ఆ కుర్రాడికి పెళ్ళయింది. ఆ సంగతి ఒక్కరైనా ఎత్తారా?

ఆమెను చరిత్రలో జోంగ్‌సున్ రాణి అంటారు. 1440లో పుట్టింది, మొగుడికంటే ఏడాది పెద్ద. అతన్ని ప్రవాసం పంపినప్పుడు ఆమెకు పద్దెనిమిది కూడా సరిగ్గా లేవు. సియోల్‌లో వాగు మీది వంతెన దగ్గర విడిపోయారట, మళ్ళీ చూసుకోలేదు. ఆ తరవాత ఆమె బతికింది ఎన్నేళ్ళో తెలుసా? అరవై నాలుగు! 1521లో పోయింది. మొగుణ్ణి చంపించిన ఆ బాబాయి 1468లోనే పోయాడు. అతని వెనక ఇంకో నలుగురు రాజుల కాలం చూసిందావిడ.

ఎలా బతికింది? తూర్పు కోట గుమ్మం బయట, బట్టలకు ఊదారంగు అద్ది. రాజు ఇస్తానన్న ఇల్లూ తిండీ వద్దందని చెబుతారు. ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వకూడదని కట్టడి చేస్తే, చుట్టుపక్కల ఆడవాళ్ళు మగవాళ్ళను రానివ్వని కూరగాయల సంత పెట్టి, ఆ సందట్లో ఆమెకు కూరలు చేరవేసేవారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మన ఆడవాళ్ళు మాత్రం తక్కువా, చీటీల పేరు చెప్పి ఎన్ని కొంపలు నిలబెట్టలేదు!

"ఆమె కథలో ఏముంది వదినా, రోజూ రంగులద్దడమేగా, సినిమాకు పనికిరాదు" అందొకావిడ. ఒళ్ళు మండింది నాకు. ఒక్కరోజు ధైర్యం చేసి శవం మోసినవాడు వీరుడు. అరవై నాలుగేళ్ళు చేతులకు రంగు వదలకుండా, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికినావిడది మాత్రం ఏమీ లేని కథా? పోయినవాడిదే విషాదం, మిగిలినదానిది మామూలు సంసారమూనా? ఏ ఇంట్లోనైనా ఇదే తంతు. పోయినాయన ఫోటోకు దండ, ఉన్నావిడకు వంటిల్లు.

బాబాయి తరవాత బాగానే ఏలాడుగా అనేవాళ్ళతో నేను మాట్లాడను. అన్న పిల్లాడి సొత్తు మింగి ఊళ్ళో గుడి కట్టించేవాళ్ళను చాలామందిని చూశాం.

1698లో ఇద్దరికీ రాజు, రాణి హోదాలు తిరిగి ఇచ్చారు. కానీ అతని సమాధి యోంగ్‌వోల్ కొండల్లోనే ఉంది, ఆమెది నామ్‌యాంగ్‌జులో. మీ పిల్లలెవరైనా సియోల్‌లో చదువుకుంటుంటే చెప్పండి, నామ్‌యాంగ్‌జు అక్కడికి దగ్గరే. సినిమా చూసి యోంగ్‌వోల్ వెళ్ళేవాళ్ళు వెళ్ళనీ, వీళ్ళు ముందు ఈవిడ దగ్గరికి వెళ్ళి రమ్మనండి.