ముందస్తు పరీక్షలు – వైద్యుని బాధ్యత

తమిళనాడు ప్రభుత్వం ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే ప్రారంభించింది. ప్రజలను వెదుక్కుంటూ వచ్చే వైద్యమని ఆ పేరుకు అర్థం. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి రక్తపోటు, మధుమేహం పరీక్షించి, వ్యాధి ఉన్నవారికి మాత్రలు గడప వద్దకే అందిస్తారు. కర్ణాటక కూడా ‘గృహ ఆరోగ్య’ పేరిట ఇటువంటి పథకాన్నే 2024లో కోలారు జిల్లాలో మొదలుపెట్టింది. కేంద్ర కార్యక్రమం కింద 30 ఏళ్లు నిండినవారికి ఈ రెండింటితో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలూ జరగాలి. ఏర్పాటు మంచిదే. ఇందులో వైద్యుని స్థానమెక్కడ అన్నదే ఆలోచించవలసిన విషయం.

రక్తపోటు కొలవడానికి వైద్యుడే అక్కరలేదు, నర్సు చాలు. ఒక్కసారి 140/90 దాటినంత మాత్రాన వ్యాధి అని తేల్చరాదు. మరొక రోజు మళ్లీ చూడాలి. తేల్చడం, మందు నిర్ణయించడం వైద్యుని పని. అయితే అంతటితో ఆయన పని తీరిపోదు. రక్తపోటు మాత్రలు వాడే వృద్ధులలో కొందరికి పడక మీద నుంచి చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. నిద్రమాత్ర కూడా తోడైతే మరీ ప్రమాదం. రాత్రివేళ పెరట్లోకి వెళ్తూ పడి తుంటి ఎముక విరిగితే, ముందస్తు పరీక్ష వల్ల కలిగిన మేలంతా ఆ మంచం పాలవుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఆ సమయంలో వారు హోసూరు రోడ్డుపై మోటారు సైకిలు నడుపుతూ ఉంటే?

“ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా? బండి నడుపుతారా?” అని అడగడానికి అర నిమిషం చాలు. వందమంది వరుసలో నిలబడిన ఉదయం ఆ అర నిమిషమూ కష్టమేనని ఒప్పుకోవాలి. పైగా మాత్రలు ఇంటికే వస్తున్నందున రోగి నెలల తరబడి వైద్యుని ముఖం చూడకుండా గడిపే అవకాశముంది. చూసినా, మన ఇళ్లలోని ముసలివారు తమ బాధను తెలుగులోనే చక్కగా చెప్పగలరు. పక్కనున్న మనవడు తమిళంలో చెప్పేటప్పుడు “కళ్లు తిరుగుతున్నాయి” అన్న మాట జారిపోతుంది.

హెల్మెట్ సంగతీ ఇంతే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 50,029 మంది హెల్మెట్ లేనివారు. ఆ 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం తగ్గిస్తుందని పలు దేశాల అధ్యయనాల సమీక్షలో తేలింది. 2019 సవరణ చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన పిల్లలకూ అది తప్పనిసరి. పోలీసు చెబితే జరిమానా భయమే కలుగుతుంది. బిడ్డకు టీకా వేయించడానికి వచ్చిన తండ్రికి అదే మాట వైద్యుడు చెబితే చెవికెక్కుతుందని మా నమ్మకం.

సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. ఒక నెల హోసూరులో, మరొక నెల కుప్పంలో చూపించుకుంటారు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇంట్లో చేరుతుంది; వేర్వేరు మందులనుకుని రెండూ మింగేవారున్నారు. ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లినా చీటీతో పాటు వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి, వైద్యుని బల్లపై పరచండి. అడగడం మరచిన వైద్యుడు కూడా అప్పుడు అడుగుతాడు.