బ్యాంకాక్‌లో పులిహోర పొట్లం

విదేశయాత్రకు బయల్దేరే తెలుగింటి ఇల్లాలి పెట్టె ఎప్పుడైనా తెరిచి చూశారా? పైన నాలుగు చీరలు, రెండు చుడీదార్లు, ఒక స్వెట్టరు (బ్యాంకాక్‌లో స్వెట్టరెందుకో ఆ పరమాత్ముడికే ఎరుక). అసలు సరుకంతా కింద ఉంటుంది. కందిపొడి, గోంగూర పచ్చడి, పులిహోర పులుసు, రెండు కిలోల బియ్యం, అన్నిటికీ అడుగున తువ్వాల్లో చుట్టిన బుజ్జి కరెంటు కుక్కరూ! పాస్‌పోర్టు లేకుండా దేశాలు తిరిగొచ్చే ఘనత మన కుక్కరొక్కదానికే దక్కింది.

భారతీయులకు వీసా అక్కర్లేదని 2023 నవంబరులో థాయ్‌లాండ్ ప్రభుత్వం తలుపులు తెరిచాక ఈ కుక్కర్ల రాకపోకలు మరీ ఎక్కువయ్యాయి. "నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు, రోజూ ఇండియన్ భోజనం" అని టూరువాళ్ళు ప్రకటనలు వేస్తారు. ఆ చివరి ముక్క చూసే మగమహారాజులు డబ్బు కడతారు. పోనీ అక్కడితో మనకి వంట తప్పుతుందా అంటే, తప్పదు. హోటలన్నం ఆయనగారికి పలుకుగా ఉంటుంది. పెరుగన్నం పడకపోతే పిల్లాడికి నిద్రపట్టదు. అంచేత ఇల్లాలు స్నానాలగదిలో బియ్యం కడిగి, అద్దం ముందున్న ప్లగ్గులో కుక్కరు పెట్టి, కాఫీ కప్పుల్లో పచ్చడి వడ్డించి, ఆనక అవన్నీ చేతులు కడుక్కునే తొట్లో తోముకుంటుంది. కిటికీ అవతల ఏదో నది ఉందిట!

నన్నడిగితే దీని పేరు వంటింటి బదిలీ. సర్కారు ఉద్యోగికి బదిలీ అయితే భత్యమైనా ఇస్తారు. మనకి అదీ లేదు.

కనీసం ఒక్కపూట, ఒకే ఒక్క సాయంత్రం, కుక్కరు తీగె పీకేసి, టూరు బస్సుని దాని దారిన పోనిచ్చి, ఆ నది గట్టున చవకలో దొరికే థాయ్ భోజనం తినితీరాలని నా వాదన. దీనికి మా ఇంట్లోనే బోలెడు వ్యతిరేకత ఉంది. ఒక్కొక్కరికే జవాబు చెబుతాను.

"అమ్మో, అక్కడ పురుగులు తింటారట!" ఇది మొదటి అభ్యంతరం. వేయించిన మిడతలమ్మే బళ్ళు ఉన్నమాట నిజమే. అవి తెచ్చి మన నోట్లో ఎవరూ కుక్కరు. ఇష్టమైనవాళ్ళు కొనుక్కుంటారు, మనం పక్కనుంచి నడిచిపోతాం. మన బజార్లో మాంసం కొట్టు ముందునుంచి పోవటంలేదూ?

రెండోది అసలైన చిక్కు, శాకాహారం. తేలిగ్గా కొట్టిపారెయ్యను. "నాం ప్లా" అనే చేపల పులుసు లాంటి నీళ్ళు వాళ్ళకి మన ఉప్పుతో సమానం, చాలా వంటల్లో పడుతుంది. కొబ్బరిపాల కూరల్లో నూరి వేసే ముద్దలో రొయ్యల పేస్టు ఉంటుంది. అడక్కుండా తింటే నియమం చెడుతుంది. కాని అడగటానికి వాళ్ళ భాషలో మాటలున్నాయి. శాకాహారాన్ని వాళ్ళు "మాంగ్‌సవిరాత్" అంటారు. విడదీసి చూడండి, మన మాంసవిరతే! అంతకంటే గట్టి మాట "జే". చైనా నుంచి వచ్చిన ఆచారం అది. మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా పనికిరావు. మా అమ్మమ్మ మడి వంటకేమీ తీసిపోదు. పసుపుపచ్చ జెండామీద ఎర్రటి అక్షరం కనిపిస్తే అక్కడ జే భోజనం దొరుకుతుందన్నమాట. ఏటా తొమ్మిది రోజులు జే పండుగ కూడా చేస్తారు, చాలా ఏళ్ళు సరిగ్గా మన దసరా నవరాత్రుల్లోనే పడుతుంది. "మై సై నాం ప్లా" అంటే చేపనీళ్ళు వెయ్యొద్దని. మూడు ముక్కలు బట్టీపట్టలేమా? పిల్లల ఎక్కాలు మనం పట్టించినవే కదా.

ఇక "రోడ్డుపక్క తిండి, రోగాలొస్తాయి" అనేవాళ్ళు. మధ్యాహ్నం వండి రాత్రిదాకా వేడిపళ్ళాల్లో ఉంచిన టూరువాళ్ళ పనీరు నిక్షేపంగా తింటారు వీళ్ళు! మన కళ్ళెదుట, భగ్గున మండే మంటమీద, మనం చెప్పాక వేయించి ఇచ్చింది మాత్రం అనుమానమట. ముసురుకున్న ఈగలూ, చల్లారిన కూరలూ కనపడితే అక్కణ్ణించి లేచి రావటానికి మనకి కాళ్ళున్నాయి. బ్యాంకాక్‌లో రోడ్డుపక్క దుకాణంలో, కళ్ళకి పెద్ద అద్దాలు పెట్టుకుని, బొగ్గుల పొయ్యిమీద తానే వండే జే ఫాయ్ అనే ఆవిడకి డెబ్బై దాటాక, 2017 డిసెంబరులో, మిషెలిన్ వాళ్ళు నక్షత్రం ఇచ్చారు. అప్పట్నుంచీ ఆవిడ వంట మనకందే ధరలో లేదు, అది వేరే సంగతి. రోడ్డుపక్కన ఆడమనిషి వండితే అది నాసిరకమనే మాటకి మాత్రం ఆవిడే సమాధానం.

మా టూరులో మూడోరోజు, మళ్ళీ అదే పసుపుపచ్చ పప్పు అని తెలిసి, మేం నలుగురు ఆడవాళ్ళం బస్సెక్కలేదు. "మీరు వెళ్ళి తినిరండి, నదిని మేం చూసుకుంటాం" అన్నాం. సాయంత్రం అరుణుడి పేరుమీదున్న వాట్ అరుణ్ గుడి చూసి, 5 బాట్లిచ్చి పడవలో ఇవతలి గట్టుకొచ్చి, రేవుకి కాస్త పక్కగా ఓ చిన్న పూటకూటింటికి చేరాం. నీళ్ళమీదికి గుంజలు పాతి పరిచిన చెక్క నేల, ప్లాస్టిక్ కుర్చీలు, తీగకి వేలాడే దీపాలు. కింద చావ్ ఫ్రాయా నది. మన గోదారిలో లాగానే గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకుపోతోంది. గుడిసెంత పొట్టి లాంచీ ఒకటి, కొండల్లాంటి బల్లకట్లు మూడింటిని తాడు కట్టి లాక్కుపోతోంది. (మాలో ఒకావిడ దాన్ని చూసి "అచ్చం నేనే" అంది.) అవతల సుమారు 80 మీటర్ల గుడి శిఖరం, ఒళ్ళంతా పింగాణీ పెంకులు పొదిగినది, చీకటి పడేకొద్దీ దీపాల్లో వెలుగుతోంది. ఇదే దృశ్యాన్ని గాజుతలుపుల్లోంచి చూపించి బోలెడు పుచ్చుకునే మేడలూ ఆ వరసలోనే ఉన్నాయి. నది మాత్రం ఇద్దరికీ ఒకటే.

మా వదిన పక్కా శాకాహారి. చేపనీళ్ళొద్దని చేతులతో, మాటలతో, ఫోనుతో చెప్పించాక, వెల్లుల్లీ మిరపకాయలూ వేసి మంటలో చుయ్యిమనిపించిన ఆకుకూర ఒకటి వచ్చింది. కాడ కొరికి ఆగిపోయింది వదిన.

"ఏమే, ఇది తూటికూర కదూ? మా ఊరి చెరువులో ఉండేది. చిన్నప్పుడు దీన్ని బీదాబిక్కీ తింటారని మా నాయనమ్మ కొననిచ్చేది కాదు!"

"ఇప్పుడు విమానమెక్కి వచ్చి తింటున్నావు వదినా" అన్నాను. పళ్ళెం తన దగ్గరకి లాక్కుంది.

సోయాపాల జున్ను వేసిన కూర, అన్నం, కొబ్బరిబొండాలు అన్నీ కలిపి నలుగురికీ 480 బాట్లు. మనిషికి మూడువందల రూపాయల పైచిలుకు. కూరలు మధ్యన పెట్టుకుని ఎవరి అన్నంలో వాళ్ళు కలుపుకోవటమే అక్కడి పద్ధతి. వడ్డించేవాళ్ళు, ఆఖర్న తినేవాళ్ళు అని వేరే ఉండరు. అన్నం వేడిగా ఉండగా తిని ఎన్నాళ్ళయిందో అంది వదిన. అరవై రెండేళ్ళావిడకి. నాకు ఆ మాట కారంకంటే ఘాటుగా తగిలింది.

మాకు వడ్డించినావిడ రెండో పక్క ఉద్యోగాలనుంచి ఇళ్ళకెళ్ళే ఆడవాళ్ళకి కూరలు సంచుల్లో పోసి రబ్బరుబ్యాండు వేసి ఇస్తోంది. వాళ్ళని అక్కడ "ప్లాస్టిక్ సంచి గృహిణులు" అంటారు. వెక్కిరింతగానే పెట్టారు పేరు. అయినా వాళ్ళు నలుగురిలో నిలబడి బేరమాడి మరీ కొంటున్నారు. మన హైదరాబాదులో వీధికో కర్రీ పాయింటు ఉండి కూడా, కూర పొట్లం కొంగుచాటున తెచ్చి, ఇంట్లో గిన్నెలోకి వొంపి, పైన కాస్త కరివేపాకు పోపు తగిలించే ఇల్లాళ్ళని ఎందర్ని చూపించమంటారు?

థాయ్‌లో ఒకళ్ళనొకళ్ళు పలకరించుకునే మాట "కిన్ ఖావ్ రూ యాంగ్?". అంటే, అన్నం తిన్నారా అని. మనమూ రోజూ అడుగుతాం, అందర్నీ. మనల్ని అడిగేవాళ్ళే తక్కువ.

అంచేత ఈసారి డబ్బు కట్టేముందు టూరతన్ని అడగండి, "ఒక్కరాత్రి భోజనం తీసేస్తే ఎంత తగ్గిస్తావయ్యా?" అని. ఏమీ తగ్గదంటాడు. మమ్మల్నీ అలాగే అన్నాడు. ఫరవాలేదు, ఆ పప్పు మీవారిని తినమనండి. కుక్కరు కూడా ఆయన పెట్టెలోనే సర్దండి.