అప్పు తీరని వీరులు

టీ-బోన్, రేజర్. ఈ రెండు పేర్లు వినగానే ముఖం వెలిగిపోయిందంటే ఆ మనిషి వయసు ముప్పై అయిదుకీ నలభై అయిదుకీ మధ్య ఉంటుందని కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. వెలగలేదా... వాళ్లింటికి అప్పట్లో కేబుల్ వైరు రాలేదన్నమాట!

'స్వాట్ క్యాట్స్' కథ చెప్పడానికి చిన్నదే. ముఖానికి ముసుగు కట్టుకుని, జెట్ విమానమెక్కి మెగాక్యాట్ సిటీ అనే నగరాన్ని కాపాడే రెండు పిల్లులు. హానా-బార్బెరా సంస్థ తీసిన ఈ కార్టూన్ అమెరికాలో 1993 సెప్టెంబరులో మొదలై, 1995 మొదట్లోనే ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఏళ్ల తరబడి తిప్పి తిప్పి వేశారు. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది 1995లో. పగలు కార్టూన్లు, రాత్రయితే అదే ఛానెల్లో పాత హాలీవుడ్ సినిమాలు. సినిమా మొదలైందంటే పిల్లలకు పడుకునే వేళయిందని లెక్క.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు ఈ పిల్లుల్ని చూసిన తీరు వేరు. చాలా ఇళ్లలో ఆ కలర్ టీవీ, దాని కింద వీసీఆర్, పైన కప్పిన లేసు గుడ్డ... అన్నీ దుబాయి, మస్కట్, సౌదీ సంపాదన. బాపు అక్కడ, టీవీ ఇక్కడ. కోరుట్లలో అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే, పక్కన కూర్చున్న పిల్లాడి కళ్లు తెర మీద. చేతులు మాత్రం తునికాకు మీద ఉండాలి, లేకపోతే వీపు మీద పడేది! సిరిసిల్ల బీవై నగర్ సంగతి ఇంకోటి. అక్కడ సాంచాల చప్పుడులో డైలాగు వినబడితే అదృష్టం. బొమ్మను బట్టి కథ అల్లుకోవాల్సిందే.

భాష అడ్డం రాలేదా అంటే, రాలేదు. మొదట ఇంగ్లీషులో వచ్చినప్పుడు పేలుళ్లే మాటలు. తర్వాత హిందీలోకి మార్చారు. ఉర్దూ, తెలుగు కలగలిసిన గల్లీల్లో గోలీలాడిన పిల్లలకు ఆ హిందీ అర్థం కావడానికి ఎంతసేపు? బళ్లో హిందీ పంతులు ఎంత కొట్టినా రానిది, రెండు పిల్లులు నేర్పించాయి.

ఆ పిల్లలే ఇప్పుడు సంసారాల్లో పడ్డారు. మొత్తం సిరీస్‌ను వార్నర్ ఆర్కైవ్ వాళ్లు 2010లో డీవీడీలుగా తెచ్చారు. అమెరికాలో ఉన్న బావమరిదితోనో, స్నేహితుడితోనో తెప్పించుకుని, తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే కనిపించేది మాత్రం చిన్నప్పటి కార్టూన్ కాదు.

పదేళ్ల వయసులో కనబడింది విమానం, క్షిపణులు, రాక్షసులు. నలభై ఏళ్లకు కనబడుతోంది అప్పు.

అవును, అప్పే. ఛాన్స్, జేక్... అంటే ముసుగు తీసిన టీ-బోన్, రేజర్... ఒకప్పుడు 'ఎన్‌ఫోర్సర్స్' అనే రక్షక దళంలో పైలట్లు. డార్క్ క్యాట్ అనే దుర్మార్గుణ్ని వెంటాడుతుంటే, కమాండర్ ఫెరల్ 'తప్పుకోండి, వాణ్ని నేను పట్టుకుంటా' అంటాడు. వీళ్లు తప్పుకోరు. ఆయన విమానం వీళ్ల విమానాన్ని పక్కకు నెడుతుంది. అది పోయి దళం ప్రధాన కార్యాలయం మీదే పడుతుంది. తప్పు ఎవరిదైనా నేరం కిందివాళ్లదే కదా! ఉద్యోగాలు ఊడాయి. భవనానికి అయిన నష్టం తీరేదాకా పాత ఇనుప సామాను షెడ్డులో మెకానిక్కులుగా పనిచేయాలని శిక్ష. ఆ తుక్కులోంచే ఏరుకున్న భాగాలతో వాళ్లు టర్బోక్యాట్ విమానం తయారుచేసుకుంటారు. పగలు స్పానర్లు, రాత్రి సాహసాలు.

వీసా కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టడానికే మొదటి రెండేళ్లు ఎడారిలో గడిపి వచ్చిన ఇళ్లలో ఈ కథ చూడటం ఎలా ఉంటుందో ఊహించండి. చేయని తప్పుకు ఎదురు డబ్బు కట్టడం, యజమాని చేతిలో కాగితాలుండటం, ఎదురు చెబితే పని పోవడం... ఇవేవీ జగిత్యాలకు కొత్త కాదు. భీవండి లాంటి చోట్ల వాడి వదిలేసిన పాత మగ్గాలు తెచ్చి, విడిభాగాలు మార్చి, మళ్లీ మళ్లీ నడిపించిన సిరిసిల్లకు తుక్కులోంచి యంత్రం పుట్టడమూ వింత కాదు. ఆ అప్పుల కిందే అక్కడ ఎన్ని ప్రాణాలు పోయాయో 1990ల చివరి నుంచి పేపర్లు చదివినవాళ్లకు తెలుసు.

సిరీస్‌లో లోపాలు లేవా? బోలెడు. కథలు కొన్ని ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కానీ ఎర్రబారిన ఆకాశం, విమానం మలుపు తిరిగే తీరు ఇప్పటికీ కళ్లు తిప్పుకోనివ్వవు. ఎక్కువ భాగం బొమ్మలు జపాన్‌లోని మూక్ స్టూడియోలో గీశారు మరి. మేయర్ ఎప్పుడూ గోల్ఫ్ ఆడుకుంటుంటే, ఊరి పని మొత్తం డిప్యూటీ మేయర్ క్యాలీ బ్రిగ్స్ అనే ఆడపిల్లి నెత్తిన. మన పట్టణాల సంగతి తెలిసినవారికి ఇక్కడ నవ్వు రాక మానదు.

ఇంతకీ ఆ అప్పు తీరిందా? తీరలేదు. సిరీస్ అర్ధంతరంగా ఆపేశారు. మరో మూడు భాగాలు పూర్తికాకుండానే మిగిలిపోయాయి. వాటిని సృష్టించిన ట్రెంబ్లే సోదరులు 2015లో అభిమానుల నుంచే చందాలు పోగుచేసి కొత్త సిరీస్ పనికి దిగారు. 2022లో తిరువనంతపురం కేంద్రంగా పనిచేసే టూంజ్ సంస్థ వారితో చేతులు కలిపినట్టు ప్రకటించింది.

డీవీడీ వేసుకున్నవాళ్లకు ఇంకో నిరాశ ఉంది. అందులో ఉన్నది ఇంగ్లీషు గొంతులే. చార్లీ ఆడ్లర్, బ్యారీ గోర్డన్ గొప్పగా చెప్పారు, కాదనం. కానీ కోరుట్ల కుర్రాడి చెవుల్లో ఉన్న టీ-బోన్ హిందీ మాట్లాడతాడు. ఆ గొంతు ఆ పళ్లెంలో లేదు.

ఒకవేళ ఎక్కడైనా ఉంటే అటక మీది ట్రంకు పెట్టెలో ఉండాలి. చిన్నాయన పెళ్లి క్యాసెట్ చివర మిగిలిన ఖాళీలో ఎవరో రికార్డు నొక్కి వదిలేసిన పావుగంటలో. వీసీఆర్‌ల తయారీ 2016తో ప్రపంచంలోనే ఆగిపోయింది. టేపుకు బూజు పట్టడానికి మన వానాకాలాలు చాలు. ఊళ్లో పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే స్టూడియో ఉందేమో కనుక్కోండి. పెళ్లి అయిపోగానే ఆపేయొద్దనీ, చివరిదాకా తిప్పమనీ చెప్పండి.