మిగిలిన శిఖరం

స్కాట్లండులో 3,000 అడుగులు మించిన ప్రధాన శిఖరాలను ‘మన్రో’లంటారు. 1891లో సర్ హ్యూ మన్రో వాటి పట్టికను ప్రకటించాడు. నేటి లెక్కకు అవి 282. అన్నిటినీ ఎక్కడం అక్కడ అనేకులకు జీవితకాలపు వ్రతం.

ముగ్గురు మిత్రులతో నేనొకసారి 1,345 మీటర్ల బెన్ నెవిస్ ఎక్కబోయాను. శిఖరం చేరువలో పొగమంచు కమ్మింది. ఉత్తరాన నిలువు కొండచరియలు. అడుగు తప్పితే అంతే. మాలో పెద్దాయనకు మోకాలు పట్టేసింది. మిగిలిన ఇద్దరూ మారుమాట లేకుండా వెనుదిరిగారు. నేను మాత్రం గొణిగాను.

“మన్రో కూడా తన పట్టిక పూర్తి కాకుండానే 1919లో కన్నుమూశాడు” అన్నారాయన, నా భుజం ఆసరాగా దిగుతూ.

నాకు బెన్ నెవిస్ ఇప్పటికీ మిగిలే ఉంది. అది తలపుకు వచ్చినప్పుడల్లా భుజంపై ఆ చేతి బరువు తెలుస్తుంది.